రుక్మిణమ్మ ఇంట్లో పేకముక్కలు

పుంగనూరులో రుక్మిణమ్మ ముందర పేకాట మాటెత్తినవాడికి ఆమె పెనం మీద దోసె పుట్టదు. వాకిట్లో పొయ్యి పెట్టుకుని దోసెలు పోసి బతికే మనిషి. చేతికి పనీ ఆగదు, నోటికి తిట్టూ ఆగదు. మదనపల్లెలో ఆడబిడ్డ ఇంటి పెళ్లికి పోయినప్పుడు, పందిరి వెనక మగవాళ్లు గుండ్రంగా కూర్చుని ఆడుతుంటే సాంబారు బకెట్ తెచ్చి నడిమధ్యలో కుమ్మరించింది. పెళ్లివాళ్లు లబలబలాడారు.

"సాంబారు పోతే మల్లా కాసుకోండి. నా ఆవు పోయింది, తిరిగొచ్చిందా?" అంది.

ఆ ఆవు ఆమె పుట్టింటివాళ్లు తోలిచ్చింది. మొగుడు తిమ్మప్ప టమోటా బండి డ్రైవరు. మదనపల్లెలో లోడెత్తుకుని పోతూ, దారిలో ముక్కలు పంచే చోటల్లా బండి ఆపేవాడు. ఒకనాడు తెల్లారేసరికి ఎవడో పలుపుతాడు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆవును ఆటలో గెలిచాడట. ఆమె చేతిలో పిండి గరిటె అలాగే ఉండిపోయింది. ఆవు మాత్రం వెనక్కి చూసుకుంటూ పోయింది.

అలాంటి ఇంట్లో ముక్కలు దొరికాయి. కూతురు శ్రుతి కుప్పంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవుకు వచ్చిన పిల్ల దిండు కింద, శుభలేఖల అట్టలు కత్తిరించి చేసిన కట్ట. రుక్మిణమ్మ దాన్ని తిప్పి కూడా చూడలేదు. నేరుగా పొయ్యిలో పెట్టేసింది.

"అమ్మా! అవి పద్యాలుమా!"

"పద్యాలో గిద్యాలో, ముక్కలే గదా! నాయన బుద్ధి యాడికి పోతాది!"

"దాంట్లో రాజు యాడుండాడు, రాణి యాడుండాది? కాల్చే ముందర ఒక్కటన్నా సూసినావా?"

శ్రుతి ఏడవలేదు. ఫోను తెచ్చి తల్లి ముఖానికి ఎదురుగా పెట్టింది. అందులో జపాను కార్టూను సీరియలు. ఇద్దరు ఆడపిల్లలు చాప మీద మోకాళ్లేసుకుని కూర్చున్నారు. మధ్యలో కార్డులు పరిచి ఉన్నాయి. ఒకామె పాత పద్యం సగం పాడగానే, మిగతా సగం రాసి ఉన్న కార్డును ఎవరు ముందు కొడితే వాళ్లది. కొట్టిన దెబ్బకు కార్డు గోడదాకా ఎగిరిపోతోంది. హాస్టలు పిల్లలు ఆ సీరియలు చూసి, తెలుగు పద్యాలతో అదే ఆట తయారుచేసుకున్నారు. వచ్చే ఆదివారం కుప్పంలో పోటీ కూడా పెట్టుకున్నారు.

"ఆ పిల్ల యాల ఏడస్తాండాది?"

"గెల్సిందిమా."

"గెలిస్తే ఏమిస్తారు?"

"ఏమీ ఇయ్యరు."

రుక్మిణమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. ఇప్పుడు కోపం తన మీదికి తిరిగింది. తప్పయిందని చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఇంట్లో ఉన్న శుభలేఖలన్నీ తెచ్చి, పళ్లు కొరుకుతూ కత్తిరించడం మొదలుపెట్టింది.

"ఒక్క మాట చెప్తాండా, ఇను. దీని మీద ఎవుడన్నా పందెం కట్టినాడంటే ఈ ఆట ఆపెయ్యాల్సిందే. మల్లా నా ముందర దాని పేరెత్తకూడదు."

"సరేమా," అంది శ్రుతి.

ఆదివారం ముగ్గురూ బస్సెక్కి కుప్పం పోయారు. నా బిడ్డ ఆట నేనూ చూడాలంటూ తిమ్మప్ప కూడా తగులుకున్నాడు. హాల్లో చాపలు పరిచారు. పద్యం చదివే అమ్మాయి నోరు తెరిస్తే ఎవరూ దగ్గకూడదు కూడా. శ్రుతి కళ్లు మూసుకుని, చెయ్యి కార్డుల మీద గాల్లో ఆపింది.

అప్పుడే వెనక నుంచి గుసగుస. తిమ్మప్ప పక్కన అతని పాత పేకాట జతగాడు వెంకటరమణప్ప నిలబడి ఉన్నాడు.

"మా పాప మీద నేను. ఆ కళ్లద్దాల పిల్ల మీద నువ్వు."

"ఏం పెడతావప్పా?"

"బండి స్టెప్నీ టైరు."

రుక్మిణమ్మ ఒళ్లు భగ్గుమంది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పద్యం మొదలైంది. ఇప్పుడు అరిస్తే బిడ్డ ఆట పోతుంది. వచ్చిన తిట్టునంతా గుటక వేసింది. ఒక చేత్తో మొగుడి కాలరు, ఇంకో చేత్తో వెంకటరమణప్ప తువ్వాలు పట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా ఇద్దరినీ బయటికి ఈడ్చింది. కానీ తలుపు ఆమె మాట వినలేదు, కిర్రుమంది.

బయటపడ్డాక గుటక వేసిందంతా వెనక్కి వచ్చింది.

"ఆవును పెట్టినావు, ఊరుకున్నా! ఇప్పుడు బిడ్డను పెడతావా? నీకు సిగ్గుండాదా?"

"తమాషాకి అన్నాలేమే..."

"నా బతుకు నీకు తమాషానా?"

"అక్కా, పందెం ఇంగా ఖాయం కాలేదు," అన్నాడు వెంకటరమణప్ప.

"ఖాయమయ్యుంటే నువ్వు ఈడ నిలబడుండవురా!"

వాడు తువ్వాలు వదిలేసి పోయాడు. రుక్మిణమ్మ తలుపుకు వీపు ఆనించి, ఆట ముగిసేదాకా తిమ్మప్పను లోపలికి పోనివ్వలేదు.

శ్రుతి బయటికి వచ్చింది. మెట్ల మీద తలవంచుకున్న నాయనను చూడగానే అంతా అర్థమైంది.

"పందెం కట్టినాడా? అయితే ఇంగ ఆపెయ్యాల్నామా?"

రుక్మిణమ్మ మొగుడిని చూసింది, కూతురి ఎర్రబడిన అరచేతిని చూసింది.

"తప్పు చేసినోడు ఈయప్ప. నువ్వు యాల ఆపల్ల? గెలిచినావా?"

"ఒక్క ముక్క తేడాతో పోయింది. తలుపు కిర్రుమన్నప్పుడు చెయ్యి పక్కదాని మీద పడింది."

ఆ మాటకు రుక్మిణమ్మ ముక్కుపుటాలు అదిరాయి. తిమ్మప్ప రెండు మెట్లు కిందికి దిగాడు.

"మల్లా పోటీ ఎప్పుడే?" అని రుక్మిణమ్మ కూతుర్ని అడిగింది.

"వచ్చే నెల, మదనపల్లెలో."

"నేనొస్తా. ఈయప్పను ఇంట్లో పెట్టి తాళమేసొస్తా."