తొమ్మిదో కాలమ్

1988 జూలైలో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా తెనాలి ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. సర్జన్ అన్న మాట చూసి కంగారు పడకండి. సర్కారు కొలువులో మామూలు డాక్టరును కూడా అలాగే పిలుస్తారు. నేను కత్తి పట్టినవాణ్ణి కాదు. మనోవైద్యంలో డిప్లొమా చేశాను కాబట్టి రోజూ పొద్దున జ్వరాలూ దగ్గులూ చూడటం, గురువారం మధ్యాహ్నం మనసు బాగాలేనివాళ్లను చూడటం నా పని. ఆ డిప్లొమా పుణ్యమా అని మెడికల్ బోర్డులో కూడా కూర్చోబెట్టారు.

బోర్డు అంటే ముగ్గురు డాక్టర్లు. ఫలానా మనిషి ఉద్యోగానికి పనికొస్తాడా లేదా అని ఎవరైనా అధికారి అడిగితే, పరీక్షించి, అచ్చు ఫారం నింపి, ముగ్గురూ సంతకాలు చేయాలి. మా అధ్యక్షుడు ఆసుపత్రి సూపరింటెండెంటు, చుట్టుపక్కల పేరున్న సర్జన్. రెండో సభ్యురాలు ప్రసూతి వార్డు లేడీ డాక్టరు. మూడోవాణ్ణి నేను. ఫారంలో ఏడో కాలమ్ వ్యాధి పేరు, ఎనిమిది దాని లక్షణాలు. తొమ్మిదో కాలమ్ ఇలా ఉండేది: వ్యాధి పుట్టుకతో వచ్చినదా, తరువాత సంక్రమించినదా?

ఆ అక్టోబరులో రేపల్లె వైపు ఒక ఎయిడెడ్ హైస్కూలు నుంచి కేసు వచ్చింది. ఎయిడెడ్ అంటే బడి నడిపేది ప్రైవేటు యాజమాన్యం, జీతాలిచ్చేది ప్రభుత్వం. కాబట్టి యాజమాన్యం తనకు తోచినట్టు ఎవరినీ తీసేయడానికి లేదు. జబ్బు మనిషని బోర్డు రాసిస్తే మాత్రం దారి సుగమం.

మనిషి పేరు ఏసురత్నం, లెక్కల మాస్టారు, ముప్పై ఏళ్లవాడు. యాజమాన్యం తరఫున బడి నడిపే కరెస్పాండెంటు తన మేనకోడలిని అతనికి ఇవ్వాలనుకున్నాడు. ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటే గొడవ ఉండేది కాదు. ఇతను నిజం చెప్పాడు. ఆడవాళ్ల మీద తనకు ఆ మనసు ఎన్నడూ కలగలేదని, కలిగితే మగవాళ్ల మీదే కలుగుతుందని, తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల గొంతు కోయలేనని చెప్పాడు. వారం తిరక్కుండా సస్పెన్షన్ కాగితం చేతికొచ్చింది. ‘మానసిక వ్యాధిగ్రస్తుడు, బోధనకు అనర్హుడు’ అని ధ్రువీకరించమంటూ కేసు మా బోర్డుకు చేరింది. మేము ఆ మాట రాస్తే అతని ఉద్యోగం పోయినట్టే.

మనోవైద్యంలో పరీక్షకు వచ్చిన మనిషి మాట ఒక్కటే చాలదు, ఇంట్లోవాళ్ల మాట కూడా కేసు షీటులో రాసుకోవాలి. రేపల్లె ప్యాసింజరు దిగి తల్లి సుగుణమ్మ, మేనమామ, తమ్ముడు ముగ్గురూ వచ్చారు. మేనమామ ముందుగా అందుకున్నాడు.

“బాపట్ల హాస్టలే చెడగొట్టిందండి. ట్రైనింగుకని పంపకుండా ఉంటే బంగారంలాంటోడండి.”

సుగుణమ్మ ఒప్పుకోలేదు. “కాదండి డాక్టరు గారూ. పుట్టిన దగ్గర్నుంచీ వీడి తీరే వేరండి. కన్నదాన్ని, నాకు తెలీదా ఏంటండి?”

కరెస్పాండెంటు ఉత్తరంలో మూడో సిద్ధాంతం ఉంది. తండ్రి లేకుండా ముగ్గురు అక్కల మధ్య పెరగడం వల్ల మగతనం అలవడలేదట. అది చదివి వినిపించాను. రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసే తమ్ముడు అడ్డుతగిలాడు. “ఆ అక్కల మధ్యే నేనూ పెరిగానండి. ఆ హాస్టల్లోనే రెండేళ్లు నేనూ తిన్నానండి. నాకిద్దరు పిల్లలండి.” మేనమామ కిటికీ వైపు తిరిగాడు.

తరువాత ఏసురత్నాన్ని ఒంటరిగా కూర్చోబెట్టాను. నిద్ర, తిండి, జ్ఞాపకం, ఆలోచన అన్నీ వరసగా పరీక్షించాను. సస్పెన్షన్ బెంగ తప్ప ఇంకేమీ కనబడలేదు. చివరికి పుస్తకంలో నేర్చుకున్న ప్రశ్న వేశాను. ఇది పుట్టుకతోనే ఉందా, మధ్యలో వచ్చిందా?

“నాకెలా తెలుస్తుందండి?” అన్నాడు. “మీకు ఆడవాళ్లంటే ఇష్టం ఎప్పుడొచ్చిందండి సార్?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్రశ్నలు వేసేది నేను అని కసురుకుందామనుకున్నాను. కానీ ఇరవై మూడేళ్ల కాపురం చేసినవాణ్ణి, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇక నేను చేసిన తప్పు. ఆ మనిషి మీద జాలిపడి తొమ్మిదో కాలమ్‌లో పెన్సిలుతో ‘పుట్టుకతో’ అని రాశాను. పుట్టుకతో వచ్చినదానికి మనిషిని తప్పుపట్టరు కదా అని నా లెక్క. చాలా మంచిపని చేశాననుకుని, టైపు కొట్టమని ఫారం బోర్డు గుమాస్తా సుబ్బయ్యకు పంపాను. పది నిమిషాల్లో సుబ్బయ్య ఆ కాగితం పట్టుకుని తిరిగొచ్చాడు.

“సార్, ఇలా రాస్తే చేరేనాటికే జబ్బుంది, దాచిపెట్టాడంటారండి. అసలు నియామకమే చెల్లదంటారండి.”

“అయితే తరువాత వచ్చిందని రాద్దామా?”

“అప్పుడు నయం చేయించుకు రమ్మంటారండి. తలకు కరెంటు షాకులు పెట్టించుకుని, తగ్గిందని కాగితం తెమ్మంటారు. ఆ కాగితం మీరిస్తారాండి?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. డిప్లొమా చదివిన నాకు తట్టనిది ఫారాలు చదివే సుబ్బయ్యకు తట్టింది. సిగ్గుపడ్డాను. కాగితం మళ్లీ పైనుంచి చూస్తే అసలు సంగతి కనబడింది. ఏడో కాలమ్ ఖాళీగా వదిలేశాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, జబ్బేమిటో రాయకుండానే దాని పుట్టుపూర్వోత్తరాలు రాయబోయాను. రబ్బరుతో తుడిచేశాను.

బుధవారం బోర్డు కూర్చుంది. ఏడో కాలమ్‌లో ‘వ్యాధి ఏదీ లేదు’ అనీ, ఎనిమిది, తొమ్మిదిలో ‘వర్తించదు’ అనీ రాసి పెట్టాను. సూపరింటెండెంటు కళ్లజోడు తీసేశారు. మనం చదువుకున్న పుస్తకంలో ఇది జబ్బుల్లో ఉంది కదా అన్నారు. ఉందని ఒప్పుకున్నాను. అమెరికాలో మనోవైద్యులు ఎప్పుడో ఆ జాబితాలోంచి తీసేశారని చెప్పి రెండో పుస్తకం తెరిచి చూపించాను.

“మనకెందుకయ్యా ఈ గొడవ? పుట్టుకతోనో, తరువాతో, ఏదో ఒకటి రాసి పంపెయ్” అన్నారాయన.

అప్పుడు లేడీ డాక్టరు మెల్లగా అడిగారు. “సార్, మీ ఎడంచేతివాటం పుట్టుకతో వచ్చిందాండి, తరువాత వచ్చిందాండి?”

మా సూపరింటెండెంటు రాసేది కుడిచేత్తో, ఆపరేషన్ చేసేది ఎడంచేత్తో. చిన్నప్పుడు ఈపురుపాలెం బళ్లో మాస్టారు వేళ్ల మీద బెత్తంతో కొట్టి కుడిచేత్తో రాయించాడని ఆయనే చెబుతుండేవారు.

“ఎలా వస్తే ఏంటమ్మా? కోత సరిగ్గా ఉందా లేదా, అది చూడాలి గానీ” అన్నారు. అని, ఆగిపోయారు. నా వైపు చూశారు. పెద్దగా నవ్వి, ఫారం తన ముందుకు లాక్కుని, బెత్తం నేర్పిన కుడిచేత్తోనే సంతకం పెట్టారు.

యాజమాన్యం అంత తేలిగ్గా వదల్లేదు. తొమ్మిదో కాలమ్ అసంపూర్ణంగా ఉందని, పూరించి ఇమ్మని కాగితం తిప్పి పంపింది. దానికి జవాబు నేను రాస్తానంటే సూపరింటెండెంటు ఒప్పుకోలేదు, తానే రాశారు. ఒకే వాక్యం: ‘లేని వ్యాధికి కారణం రాయడం ఈ బోర్డు పని కాదు.’ డిసెంబరు మొదటి వారంలో ఏసురత్నం మళ్లీ పదో తరగతిలో అడుగుపెట్టాడు. సస్పెన్షన్‌లో ఉన్న రోజులన్నీ డ్యూటీ కింద లెక్కవేయించి పూర్తి జీతం రాబట్టాడట. లెక్కల మాస్టారు కదా. ఆ కబురు తమ్ముడు వచ్చి చెప్పిన సాయంత్రం, యాభైకి దగ్గరపడిన నేను, ఆసుపత్రి నుంచి ఇంటిదాకా సైకిల్ మీద ఈలవేసుకుంటూ వెళ్లాను. సుబ్బయ్యకు కాఫీ ఇప్పించడం మాత్రం మరిచిపోలేదు.

1997లో బాపట్లలో నేను రిటైరైన రోజు సభకు ఏసురత్నం వచ్చాడు. అప్పటికి అతను ఆ బడికే హెడ్మాస్టరు. ఆ ప్రమోషన్ కాగితం మీద సంతకం అదే కరెస్పాండెంటుది. ఆ మాట చెబుతూ అతను నవ్వాడు, నేను అంతకన్నా గట్టిగా నవ్వాను.

పుట్టుకా, పెంపకమా అని పుస్తకాలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నాయి. నా మొగ్గు సుగుణమ్మ మాట వైపే. కానీ అది నా మొగ్గు మాత్రమే. ఒక మనిషి ఉద్యోగం దానిమీద నిలబడకూడదు, దానివల్ల పోకూడదు. ఆ కేసు తరువాత నేను కూర్చున్న ప్రతి బోర్డులోనూ ఏడో కాలమ్ నింపాకే తొమ్మిదో కాలమ్ చదివాను.