తాళం వేసిన తలుపుకు బొట్టు

భాష ఒక్క ముక్క రాని దేశంలో, ఒక్క మధ్యాహ్నం కష్టంతో, మూడు వందల మందిని భజనకు పరుగెత్తించుకొచ్చిన మొనగాడు సిద్దిపేటలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు రాసిందే మీరిప్పుడు చదువుతున్నారు. తొందరపడి చప్పట్లు కొట్టకండి. ఆ సాయంత్రం ఒక పెద్దమనిషి కారులో దూరి అద్దాలు ఎత్తుకున్నాడు. ఒక ముసలమ్మ తన ఇంటి తలుపును పట్టుకుని ఏడ్చింది. నేను పరాయి దేశంలో తన్నులు తినడానికి జానెడు దూరంలో నిలబడ్డాను. అంతటి ఘనకార్యం!

నేను దుబ్బాకలో మగ్గం నేసి, భివండీలో పవర్‌లూమ్ నడిపి, చివరికి సిద్దిపేటలో స్థిరపడ్డవాణ్ణి. ఎక్కడికి పోయినా నా హార్మోనియం నా వెంట వచ్చింది. సంసారం తరువాత బండిలో వచ్చేది. కొన్నేళ్ల కింద మా గుడిలో భజన చేస్తుంటే, హైదరాబాదు నుంచి ఒక భక్త సమాజం అధ్యక్షుల వారు వచ్చి విన్నారు. ఆ సమాజానికి జార్జియాలో ఒక భజన కేంద్రం ఉంది. జార్జియా అంటే అమెరికాలోది అనుకునేరు. ఇది రష్యా కింద, కొండల మధ్య ఉండే బుజ్జి దేశం. అక్కడ ఉండి ధర్మప్రచారం చేసే మనిషి కావాలట.

"హిందీ వచ్చా?" అని అడిగారు.

"భివండీల బతికిన సార్. హిందీల కొట్లాడుత గూడ."

"వంట?"

"నేను పులిహోర కలిపితే పక్క గల్లీ దాకా వాసన పోతది."

"మరి జార్జియా వాళ్ల భాష?"

"భక్తికి భాషెందుకు సార్!"

ఆ ఒక్క మాటకే నన్ను ఎంపిక చేశారు. నన్ను ముంచింది కూడా ఆ మాటే.

బస్టాండు దగ్గర నా ఫ్లెక్సీ కట్టారు. శాలువాలు కప్పారు. నేను మైకు అందుకుని, "నేను పోయినంక ఆ దేశంల తెల్లారితే ఇనవడేది గోవింద నామమే!" అని గర్జించాను. జనం ఈలలు వేశారు. నా భార్య సత్తవ్వ ఒక్కతే ఈల వేయలేదు.

"మన గల్లీలోల్లే నువ్వు హార్మోనియం తీస్తె తలుపులేసుకుంటరు. గాడ ఎవలొస్తరయ్యా?" అంది.

"గొప్పోళ్లకు ఇంట్లనే ఇలువ ఉండదే!" అని విమానం ఎక్కాను.

కేంద్రం ఉన్న ఊరు కొండవాలులో ఉంది. చెక్క బాల్కనీలు, ప్రతి ఇంటి మీదా ద్రాక్ష పందిరి. మనుషులు బంగారం. దారిలో కనబడితే చాలు, చేతిలో రొట్టె పెట్టేవారు, జేబులో అక్రోట్లు పోసేవారు. కానీ భజనకు మాత్రం ఇద్దరే వచ్చేవారు. ఒకరు నినో. రిటైరైన టీచరమ్మ. చిన్నప్పుడు పాత హిందీ సినిమాలు చూసి హిందీ నేర్చుకుంది. అందుకని ఏం చెప్పినా కథానాయిక కన్నీళ్లతో చెప్పినట్టే ఉండేది. వంటింట్లో ఉప్పు అయిపోతే గుండె మీద చెయ్యి వేసుకుని, "ఉప్పు... మనల్ని విడిచి వెళ్లిపోయింది" అనేది. రెండో భక్తురాలు ఆమె పిల్లి. అది హారతి దాకా కూడా ఆగేది కాదు.

ఇట్లా కాలం గడుస్తుండగా అధ్యక్షుల వారు ఫోన్ చేశారు.

"శనివారం నేనే వస్తున్నానయ్యా. అప్పుడు కూడా ఆ టీచరమ్మా పిల్లే ఉంటే కేంద్రం మూసేస్తా. నువ్వూ నాతోపాటే వచ్చేద్దువు."

సిద్దిపేటలో నా ఫ్లెక్సీ రంగు ఇంకా వెలవలేదు! నేను బస్సు దిగి నా బొమ్మ కిందినుంచే నడిచి ఇంటికి పోవాలి. హోటల్లో చాయ్ తాగే బ్యాచి, "ఏం మామా, గోవింద నామం అప్పుడే అయిపోయిందా?" అంటుంది. సత్తవ్వ ఏమీ అనదు. చూస్తుంది. అది ఇంకా ఘోరం.

నినోను పిలిచి, "ఊరోళ్లను భజనకు ఎట్ల పిలిచిన్రమ్మా?" అని అడిగాను.

"స్తంభాలకు కాగితాలు అంటించాను" అంది.

"కాగితం జూసి ఎవలొస్తరు? బొట్టు పెట్టి పిలువాలె!"

మన వైపు పద్ధతి మీకు తెలుసు కదా. ఇంట్లో శుభకార్యమైతే కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ పోతాం. బొట్టు పెట్టి, "అందరు రావాలె" అంటాం. ఇంటికి తాళం ఉంటే తలుపుకే బొట్టు పెట్టి వస్తాం. వాళ్లు వచ్చి చూసుకుంటారు, పిలిచి పోయారని సంతోషపడతారు. పెట్టకపోతే ఇక చచ్చేదాకా సాధిస్తారు. ఇంత తిరుగులేని పద్ధతి ప్రపంచంలో ఎవరికి అర్థం కాదు చెప్పండి?

శనివారం మధ్యాహ్నం నినో పూల కోసం పక్క ఊరికి పోయింది. నేను పంచె కట్టి, స్వెటర్ మీద కండువా వేసి, భరిణెతో బయలుదేరాను. మొదటి ఇల్లు తాళం. రెండో ఇల్లు తాళం. వీధి వీధంతా తాళమే! ద్రాక్ష కోతల కాలం, అందరూ తోటల్లో ఉన్నారు. ఇంకొకడైతే వెనక్కి తిరిగేవాడు. నేను మాత్రం గంతులేశాను. మనుషులే లేకపోతే ఇక భాషతో పనేముంది!

కుంకుమ ఆ నున్నటి తలుపులకు అంటలేదు. గదికి పోయి నువ్వుల నూనెలో కలిపి తెచ్చాను. ఇక చూడండి, బంక పట్టినట్టు పట్టుకుంది. మొదట రూపాయి బిళ్లంత పెట్టాను. అంత పెద్ద తలుపు మీద అది దోమ కుట్టినట్టు కనబడింది. అందుకని అరచేయంత చేశాను. రెండు రెక్కల గేటుంటే రెండు పెట్టాను, ఒక రెక్క చిన్నబుచ్చుకోకూడదు కదా. మగ్గంలో నాడె తిరిగినట్టు ఈ వరుస నుంచి ఆ వరుసకూ ఆ వరుస నుంచి ఈ వరుసకూ తిరిగి వీధి మొత్తం పూర్తి చేశాను. చివర నిలబడి చూసుకుంటే ఊరికే పెళ్లి కళ వచ్చింది.

సాయంత్రం అధ్యక్షుల వారు దిగారు. పొడుగాటి నల్ల కారు, పట్టు పంచె మీద కోటు. హాల్లో ఖాళీ కుర్చీలు చూసి ముఖం గంటు పెట్టుకున్నారు.

"ఏరయ్యా జనం?"

"వస్తరు సార్. బొట్టు పెట్టి పిలిచిన."

అంతలో వీధి కిందినుంచి హోరు వినబడింది. బయటకు ఉరికాం. నిజం! ఆడా మగా ముసలీ ముతకా, చేతులకు ద్రాక్షరసంతో, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ మా హాలు మీదికే వస్తున్నారు.

"సూడున్రి సార్! సూడున్రి!" అని ఎగిరాను.

అధ్యక్షుల వారి కళ్లు చెమర్చాయి. "నీలాంటి ప్రచారకుడు కోటికొకడయ్యా" అన్నారు.

ముందు వస్తున్నవాడు వానో. గుమ్మం పట్టనంత మనిషి, మీసం కూడా అదే కొలత. అతను పిడికిలెత్తి ఏదో అరిచాడు. నేను ఊరుకుంటానా? రెండు చేతులూ ఎత్తి, "గోవిందా... గోవింద!" అన్నాను. జనం ఇంకా గట్టిగా అరిచారు. నా ఒళ్లు పులకరించింది. కానీ ఆ భక్తులు నన్ను దాటిపోయి అధ్యక్షుల వారిని చుట్టుముట్టారు.

"ఏమంటున్నాడయ్యా ఇతను?" అన్నారాయన, నమస్కారం దించకుండానే.

"మీ కారు మంచిగున్నదంటున్నడు సార్."

"ఇళ్లవైపు చెయ్యి చూపిస్తున్నాడు?"

"బువ్వకు పిలుస్తున్నడు సార్."

"ఇప్పుడు అరచేతిని పిడికిలితో గుద్దుతున్నాడు?"

"చిడతలు ఎట్ల కొట్టాలె అని అడుగుతున్నడు సార్. మస్తు ఆత్రం!"

ఇంత ఆత్రపడే భక్తుణ్ణి బొట్టు లేకుండా నిలబెట్టడం పాపమనిపించింది. భరిణెలో వేలు ముంచి, మునివేళ్ల మీద లేచి, వానో నుదుటి మీద ఇంత బొట్టు పెట్టాను.

వానో నుదురు తడుముకున్నాడు. తన వేలు చూసుకున్నాడు. నా వేళ్లు చూశాడు. వెనక జనమంతా మెడలు చాచి నా వేళ్లే చూశారు.

సరిగ్గా అప్పుడు నినో పూలబుట్టతో వచ్చింది. అందరూ ఒక్కసారే ఆమె మీద పడి చెప్పారు. ఆమె నావైపు తిరిగి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏం చేశారు మీరు! ఏం చేశారు!"

"ఏం జేసినమ్మా? బొట్టు పెట్టిన!"

"ఈ వీధిని ఎవరో కొనేసి హోటలు కడతారని చాన్నాళ్లుగా పుకారు. పడగొట్టే ఇంటికి ఎర్ర గుర్తు పెడతారట. వీళ్లు తోటల నుంచి వచ్చి చూస్తే ప్రతి తలుపు మీదా ఎర్ర గుర్తు! హాలు ముందు నల్ల కారు! కొన్నవాడు ఆయనే అనుకున్నారు."

నేను తిరిగి చూసేసరికి అధ్యక్షుల వారు లేరు. కారు అద్దాలు పైకి పోతున్నాయి.

"తన గేటుకు రెండు గుర్తులు ఎందుకని వానో అడుగుతున్నాడు. తన ఇల్లు రెండుసార్లు పడగొడతారా అని" అంది నినో.

నాకు నవ్వొచ్చేదే. కానీ అప్పుడు ఎదురింటి ముసలమ్మ కనబడింది. పేరు ఎతేరి. ఆ వీధిలో అందరికన్నా చిన్న ఇల్లు ఆమెది. జనంతో రాలేదు, అరవలేదు. తల గుడ్డ విప్పి తలుపును తుడుస్తోంది. నూనె బొట్టు కదా, తుడిచిన కొద్దీ తలుపంతా ఎర్రగా పాకుతోంది. ఆమె ఏడుస్తూ ఇంకా గట్టిగా తుడుస్తోంది.

మా సిద్దిపేట దగ్గర చంద్లాపూర్ వైపు మా మేనత్త ఇల్లు ఉండేది. రిజర్వాయరు కింద పోయే ఇళ్లకు సర్వేవాళ్లు ఎర్ర రంగుతో నంబర్లు వేసిన రోజు ఆమె కూడా కొంగుతో ఇట్లాగే తుడిచింది. పక్కన నిలబడి చూసినవాణ్ణి నేనే. ఎర్ర గుర్తంటే ఏమిటో తెలిసినవాణ్ణే!

ఒక గిన్నెలో శనగపిండి, వేడి నీళ్లు కలుపుకుని పోయి ఎతేరి తలుపు ముందు కూర్చున్నాను. నూనె మరక వదిలించడం మగ్గం పని చేసినవాడికి చేతనవును. తోముతూనే నినోతో చెప్పించాను. "అమ్మా, ఇది కూలగొట్టే గుర్తు కాదు. ఇంట్ల మనుషులు లేనప్పుడు పిలిచిపోయిన గుర్తు. మీరు లేరని మిమ్ముల ఇడిచిపెట్టలే అని చెప్పే గుర్తు."

నినో అది ఎట్లా చెప్పిందో, ఏ సినిమా కన్నీళ్లు కలిపిందో నాకు తెలియదు. ఎతేరి నా చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపు మూలన చిటికెడంత ఎరుపు మిగిలింది. పిలుపైతే అదట్లా ఉండనీ అంది.

వానో మీసం దువ్వుకుంటూ ఆలోచించి, నినోతో అడిగించాడు. "ఇంతకీ దేనికి పిలుపు?"

"పాటలకు."

"పాటలకు పిలవడానికి ఊరందరి ప్రాణాలూ తియ్యాలా? పాటంటే మమ్మల్ని పిలవకపోయినా వస్తాం!"

వచ్చారు కూడా. రొట్టెలు, జున్ను, అక్రోట్లు, కొత్త ద్రాక్షరసం తెచ్చారు. నేను భజన ఎత్తుకునే లోపే వాళ్లు పాడారు. ముగ్గురు మూడు దారుల్లో పాడతారు, అయినా పడుగూ పేకా కలిసినట్టు ఒక్క బట్ట అవుతుంది. నా హార్మోనియం వాళ్ల వెంట కుక్కపిల్లలా పరుగెత్తింది. అధ్యక్షుల వారు చాలాసేపటికి కారు దిగి, "ఇది రసమేనా? పులిసింది కాదు కదా?" అని అందరినీ అడిగి ఒక గ్లాసు తాగారు. తరువాత అడగకుండానే తాగారు.

కేంద్రం మూయలేదు. శనివారం శనివారం హాలు నిండేది. వాళ్లు చాలా పాడేవారు, మధ్యలో దయతలచి నాకో గోవింద ఇచ్చేవారు. ధర్మప్రచారం చేయడానికి పోయి వాళ్ల పాటలు నేర్చుకుని వచ్చాను.

ఇక మొదట చెప్పిన మూడు వందల సంగతి. ఆ వీధిలో కోళ్లను కలిపినా మూడు వందల మంది ఉండరు. ఓ అరవై మంది వచ్చి ఉంటారు. అందులో నా కోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు.

కనుక ఈ హార్మోనియం మీద చెయ్యి పెట్టి, ఇంటిల్లిపాది వినేటట్టు ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ దేశంలోనైనా, మనిషి ఎదురుగా నిలబడి ఒప్పుకుని నుదురు వంచితే తప్ప భరిణె మూత తీయను. గేటుకు ఎన్ని రెక్కలున్నా సరే.

ఇదంతా సత్తవ్వకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరి దాకా వింది.

"చేతులు లేపి గోవిందా అన్నవా?"

"అన్ననే!"

"అధ్యక్షుల సారు ఎన్నడో ఫోన్ల అంత చెప్పిండు. గా మీసాలాయన పిడికిలి లేపంగనే నువ్వు భయానికి రెండు చేతులు పైకి లేపినవట. గోవిందా లేదు, గీవిందా లేదు. 'ఓ సత్తవ్వో' అని ఒర్రినవట."