చెమట పట్టని చెయ్యి

మా అబ్బాయి కిడ్నీలోంచి తీసిన ముక్కల్ని రెండు చిన్న సీసాల్లో వేసి నా చేతికే ఇచ్చారు. ల్యాబుకి పట్టుకెళ్ళే మనిషి భోజనానికి వెళ్ళాడట. "పక్క బిల్డింగే అమ్మా. వాళ్ళకిచ్చి రిజిస్టర్లో రాయించుకుని రండి. పడేయకండి" అని చెప్పి నర్సమ్మ తలుపు వేసుకుంది. ఆ చివరి మాట అనకపోతే మామూలుగానే నడిచేదాన్ని. అది విన్నాక ఒక్కో అడుగూ చూసుకుని వేశాను. సీసాలో నీళ్ళలాంటి మందులో ఒక్కో పోగు తేలుతోంది. గోరంత పొడవు, కుట్టుదారం కంటే సన్నం. నేను నేతవాళ్ళ ఇంటి ఆడపిల్లను. జీవితంలో ఎన్ని లక్షల పోగులు చూసి ఉంటానో, ఏ పోగుకీ ఇలా భయపడలేదు. అరచేతులు చెమటతో తడిసి సీసాలు జారుతుంటే వాటిని కొంగులో మూటగట్టి, ఆ మూటను పొట్టకు అదుముకుని నడిచాను. చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకున్నట్టే పట్టుకున్నానని ల్యాబు మెట్లెక్కుతుంటే తెలిసింది.

మేముండేది విజయవాడ వన్‌టౌన్‌లో. ముందుగదిలో మిషను వేసుకుని చీరలకు ఫాల్స్ కుడతాను. మా ఆయన బట్టల కొట్లో పనిచేస్తారు. ఉన్నది ఒక్కడే కొడుకు. డిప్లొమా అయ్యాక ఇబ్రహీంపట్నం దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు అందరికీ చేసినట్టే వాడికీ పరీక్షలు చేశారు. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, కిడ్నీ డాక్టరుకు చూపించుకుని రమ్మన్నారు. ఇరవై ఏళ్ళవాడికి కిడ్నీ జబ్బేమిటని నేను ఆ కాగితం మీదే కోప్పడ్డాను.

డాక్టరు గారు చిన్నావిడ, మెల్లగా మాట్లాడతారు. షుగరు లేదు, బీపీ లేదు, రాళ్ళు లేవు అని ఒక్కోటీ చెబుతుంటే సంతోషపడుతూ కూర్చున్నాను. ఆఖర్న ఆవిడ, "ఏదీ కాదంటే ఏంటో తెలియాలి కదమ్మా. సన్న సూదితో చిన్న ముక్క తీసి చూడాలి. బయాప్సీ అంటారు" అన్నారు.

"మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా?" అని అడిగారు.

"మా వైపు ఎవరికీ లేదండి" అన్నాను. మా ఆయన వైపూ లేదని ఆయన చెప్పారు. తర్వాత రెండుసార్లు వేరేవాళ్ళు కూడా ఇదే ప్రశ్న అడిగారు. మూడుసార్లూ అదే జవాబు ఇచ్చాను, అదీ కాస్త గర్వంగా.

ఇంటికి రాగానే హనుమాన్ జంక్షన్ నుంచి మా ఆడపడుచు ఫోను. "ముక్క తియ్యనియ్యకు వదినా. కదిపితే ముదురుద్ది. మా ఎదురింటాయన బాగానే తిరిగేవాడు, ముక్క తీశారు, మూడు నెల్లకి పోయాడు" అంది. ఆ ఎదురింటాయనకు ఏ జబ్బో, ఏ ముక్క తీశారో ఆవిడకూ తెలియదు, నేనూ అడగలేదు. భయపడేవాళ్ళకు భయపెట్టే మాటే నమ్మకంగా ఉంటుంది. రెండు నెలలు ఆ పరీక్ష మాటెత్తలేదు. కిడ్నీలకు మంచిదని ఎవరో చెబితే కొండపిండాకు తెప్పించి పప్పులో వేశాను. ఉప్పు తగ్గించాను. ప్రొటీన్ పోతే మూత్రం నురగ కడుతుందన్నారని, వాడు బాత్రూంలోంచి రాగానే వెనకాలే వెళ్ళి నురగ ఉందేమోనని చూసేదాన్ని. ఉండేది. నీళ్ళు పోసేసి, వాళ్ళ నాన్నతో లేదని చెప్పేదాన్ని. రెండోసారి పరీక్ష చేయిస్తే ప్రొటీన్ అంతకుముందు కంటే ఎక్కువే పోతోందని వచ్చింది. అప్పుడు బయాప్సీకి ఒప్పుకుంటూ మా అబ్బాయే సంతకం పెట్టేశాడు. "నా కిడ్నీయే కదమ్మా" అన్నాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అనుకుని ఊరుకున్నాను.

ముక్క తీసే రోజు వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి బోర్లా పడుకోబెట్టారు. పొట్ట కింద దిండు పెట్టడం వరకూ తలుపు సందులోంచి చూశాను. తర్వాత తెర లాగేశారు. మాటలు మాత్రం వినపడుతున్నాయి. "ఊపిరి బిగబట్టు, కదలకు." ఆ మాట నాకు కాదని తెలుసు, అయినా నేనూ బిగబట్టాను. టక్కుమని చప్పుడైంది. స్టేప్లర్ నొక్కినట్టు అంతే. మళ్ళీ ఊపిరి, మళ్ళీ టక్. కుర్చీలో ఉన్నదాన్ని ఎప్పుడు లేచానో, కాలు కాలిన పిల్లిలా ఆ వరండా అంతా తిరుగుతుంటే సీసాలు తెచ్చి చేతికిచ్చారు.

నేను ల్యాబు నుంచి తిరిగి వచ్చేసరికి వాణ్ణి వార్డులో వెల్లకిలా పడుకోబెట్టి, సాయంత్రం దాకా కదలొద్దని చెప్పారు. మొదటిసారి పోసిన మూత్రం ఎర్రగా వచ్చింది. నర్సమ్మకు అది మామూలే. నేను మాత్రం మంచం పక్కనుంచి కదల్లేదు. రెండోసారికి లేత రంగు, మూడోసారికి మామూలు రంగు. నా జన్మలో ఏ దేవుడి తీర్థాన్నీ అంత శ్రద్ధగా చూడలేదు.

వారానికి మొదటి సీసా రిపోర్టు వచ్చింది. కానీ డాక్టరు గారు అది చదివి పక్కన పెట్టి మా అబ్బాయి చేతులు చూపించమన్నారు. కిడ్నీ కోసం వెళ్తే చేతులు చూస్తారేమిటి అనుకున్నాను. అరచేతులు తిప్పి చూసి, "ఎండాకాలంలో చెమట పడుతుందా నీకు?" అని వాణ్ణి అడిగారు.

వాడు చెప్పేలోపే నేను అందుకున్నాను. "పట్టదండి. పుట్టినప్పట్నుంచీ అంతే. మా నాన్నగారి చెయ్యి వచ్చింది వీడికి."

ఈ మాట నేను ఎంతమందితో అన్నానో లెక్కలేదు. మగ్గాల ఇంట్లో చెమట పట్టని చెయ్యి అంటే వరం. తెల్లచీర మీద చెమట చెయ్యి పడితే మరక పడుతుంది, జరీ నల్లబడుతుంది. అందరూ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేసేవాళ్ళు. మా నాన్నకు తుడుచుకునే పనే లేదు. వైశాఖంలో కూడా ఆయన చెయ్యి ఆరిన బట్టలా ఉండేది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళికైనా తెల్ల పట్టు నేయాలంటే మా నాన్ననే అడిగేవాళ్ళు. మనవడు పుట్టి ఆరేళ్ళు వచ్చాక మా అమ్మ వాడి అరచెయ్యి తన బుగ్గకు ఆనించుకుని, "మా ఆయనే వచ్చాడు" అని ఏడ్చింది. నేనూ ఊరుకోలేదు. మధుపర్కం చీరలు కుట్టడానికి వస్తే, కుట్టాక మడత పెట్టడానికి వాణ్ణే పిలిచేదాన్ని. వచ్చినవాళ్ళకు చూపించి మరీ పెట్టించేదాన్ని.

డాక్టరు గారి కలం ఆగిపోయింది. "మీ నాన్నగారు ఎలా పోయారమ్మా?"

"మగ్గం గుంట చెమ్మండి" అన్నాను. "గుంటలో కాళ్ళు పెట్టి నేస్తారు కదండీ. ఆ నీరు కాళ్ళకెక్కింది. పాదాలు వాచాయి, తర్వాత మొహం వాచింది, ఆయాసం వచ్చి…"

ఇరవై ఏడేళ్ళుగా మా ఇంట్లో అందరం చెప్పుకునే మాట అది. నాన్న పోయాక మా అమ్మ ఆ గుంటను మట్టితో పూడ్పించి పైన గచ్చు చేయించింది. గుంటే మింగిందని అందరం నమ్మాం. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు. పక్కింట్లో, వెనకింట్లో అలాంటి గుంటల్లోనే కూర్చున్నవాళ్ళు డెబ్భై ఏళ్ళు బతికారు. వాళ్ళ కాళ్ళకు ఎక్కని నీరు మా నాన్న కాళ్ళకే ఎందుకు ఎక్కిందని ఒక్కరం అడగలేదు. కిడ్నీ జబ్బు లేదని మూడుసార్లు చెప్పిన నోరు ఎండిపోయి, మంచినీళ్ళు అడిగాను.

ఆవిడ నీళ్ళ గ్లాసు నా ముందు పెట్టారు. వాడి వైపు తిరిగి, "చేతులూ కాళ్ళూ మండుతాయా?" అని అడిగారు.

వాడు ముందు నా మొహం చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. చెప్పనా వద్దా అని అడుగుతున్నట్టుంది.

"మండుతాయండి," అన్నాడు. "మూడో క్లాసు నుంచి. ఎండలో ఆడినా, జరం వచ్చినా ఇంకా ఎక్కువ. సూదులు గుచ్చినట్టుంటది."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పానండి. వేడి చేసిందన్నారు."

అన్నది నేనే. అరికాళ్ళు మండుతున్నాయని వాడు స్కూలు నుంచి ఏడుస్తూ వస్తే సబ్జా నీళ్ళు పోశాను, మజ్జిగ పోశాను, ఆముదం రాశాను, గోరింటాకు పెట్టాను. ఆటల పీరియడ్లో చెట్టు కింద కూర్చుంటున్నాడని మాస్టారు చెబితే సోమరిపోతని తిట్టాను. ఒక మే నెలలో, మంటలు తగ్గాలని మొక్కుకుని, వాణ్ణి చెప్పుల్లేకుండా అమ్మవారి కొండ మెట్లెక్కించాను. వాడు ఏడుస్తూ ఎక్కాడు. రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు. నా కాళ్ళూ ఎండాకాలం మండుతాయి, తడిగుడ్డ మీద పెట్టుకుని మిషను తొక్కుతాను, అందరికీ ఉండేదేగా అనుకున్నాను. తర్వాత్తర్వాత వాడు చెప్పడం మానేశాడు. తగ్గిపోయిందని సంబరపడ్డాను.

డాక్టరు గారు చొక్కా పైకెత్తమన్నారు. బొడ్డు చుట్టూ ఎర్రటి చుక్కలు. "ఇవి చెమటకాయలండి, ఎప్పట్నుంచో ఉన్నాయి" అనబోయి నోరు మూసుకున్నాను. చెమటే పట్టనివాడికి చెమటకాయలేమిటి?

ఇంకా పెద్ద మైక్రోస్కోపులో చూడటానికి వేరే ఊరికి పంపిన రెండో సీసా రిపోర్టు రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కుట్టుపని సాగలేదు. మిషను ముందు కూర్చుంటే సూది కదలడం చూడలేకపోయేదాన్ని. మా నాన్న చివరి రోజుల్లో మొహం ఎలా ఉబ్బిందో, కళ్ళు ఎలా మూసుకుపోయాయో అన్నీ ఒక్కోటీ గుర్తొచ్చి, మా వాడు పొద్దున లేవగానే వాడి కళ్ళ కింద వాపుందేమోనని చూసేదాన్ని. వాడు విసుక్కునేవాడు. విసుక్కున్నందుకు సంతోషపడేదాన్ని.

చివరికి డాక్టరు గారు కంప్యూటరులో ఒక బొమ్మ చూపించారు. మామూలు మైక్రోస్కోపు కంటే వేల రెట్లు పెద్దది చేసి తీశారట. కణం లోపల గుండ్రటి మచ్చలు, వాటి నిండా నలుపూ తెలుపూ సన్నచారలు. కాసేపు అవి నాకు జబ్బులా అనిపించలేదు. మా ఇంటి పాత చారల తువ్వాలు గుర్తొచ్చింది. ఒళ్ళు ఒక రకం కొవ్వును కరిగించుకోలేకపోతే అది ఇలా పొరలుపొరలుగా పేరుకుంటుందని, కిడ్నీలో, నరాల్లో, చెమట గ్రంథుల్లో, గుండెలో కూడా చేరుతుందని ఆవిడ విడమరిచి చెప్పారు. చాలా అరుదైన జబ్బు. చెమట పట్టకపోవడం, మంటలు, చుక్కలు, నురగ, అన్నీ ఒకటే. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది.

"బతుకుతాడా అండి?" అన్నాను. వాడు పక్కనే ఉన్నాడు, అయినా అడిగేశాను.

"ముక్క తీశాం కాబట్టి ఇప్పుడు తెలిసిందమ్మా. కిడ్నీ చాలావరకు బాగానే ఉంది. పోయింది వెనక్కి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు. రెండు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కించాలి. ఎంత పనిచేస్తుందో చూస్తూ ఉండాలి" అన్నారు. అబద్ధం చెప్పి ఊరడించలేదు. తర్వాత నా వైపు చూసి, "మీ నాన్నగారి నుంచి మీకు, మీ నుంచి అబ్బాయికి వచ్చింది. మీకూ పరీక్షలు చేయాలి" అన్నారు. పక్కనున్న మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పదిమందిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం పెళ్ళి తర్వాత అదే మొదటిసారి.

ఇప్పటికి వాడికి నాలుగుసార్లు మందు ఎక్కించారు. భయం పోలేదు, ఇంట్లో మనిషిలా తిష్ట వేసింది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడు అరుగు మీద గోడకు ఆనుకుని, కాళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా చీర కొంగుకు కుచ్చులు ముడివేస్తున్నాను.

"అమ్మా, మండుతోంది" అన్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో, మూడో క్లాసులో అన్నట్టే.

వేడి చేసిందిరా అన్న మాట అలవాటుగా నాలిక చివరకు వచ్చేసింది. మింగేశాను. చీర పక్కన పెట్టి, "ఎక్కడ నాన్నా? ఎలా ఉంది?" అని అడిగాను. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. వేళ్ళ చివర్ల నుంచి ఎలా మొదలవుతుందో, స్కూల్లో బాత్రూంలోకి వెళ్ళి కుళాయి కింద కాళ్ళు ఎలా పెట్టుకునేవాడో, కొండ మెట్ల మీద ఎన్నో మెట్టు దగ్గర ఇక చచ్చిపోతాననుకున్నాడో. అడ్డు రాకుండా విన్నాను.

అంతా చెప్పి, నా పాదాల వైపు చూశాడు. "నీకూ మండుతాయా అమ్మా?"

నా పరీక్షల రిపోర్టు ఇంకా రాలేదు. నలభై ఆరేళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. మా అమ్మ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు.

"మండుతాయి నాన్నా," అన్నాను. "చిన్నప్పట్నుంచీ."

వాడు లేచి, తన కాళ్ళ మీది తడిగుడ్డ తీసి మళ్ళీ నీళ్ళలో ముంచి, పిండి, నా కాళ్ళ మీద పరిచాడు.