నాణెం తిరిగే గరాటు కోసం ఫలక్‌నుమాకు

విజయవాడలో వినికిడి లేని పిల్లల బడిలో నేను సైన్సు టీచర్ని. ఏటా ఫిబ్రవరిలో ప్రదర్శన పెట్టి, వచ్చిన విరాళాలతో పిల్లలకు వినికిడి యంత్రాలు కొంటాం. గుమ్మం దగ్గర హుండీ పెడితే జనం చూడనట్టు పక్కనుంచి పోయేవారు. 2004లో హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో ఒక పెద్ద గరాటు చూశాను. అంచున రూపాయి వదిలితే గిరగిరా తిరుగుతూ, లోపలికి పోయేకొద్దీ జోరందుకుని, నడిమి కంతలో పడుతుంది. జనం జేబులు తడుముకుని మరీ వేస్తున్నారు. ఇంటికొచ్చి మా వీధి రేకు పనివాడితో అలాంటిదే చేయిస్తే, రూపాయి మూడు చుట్లు తిరిగి దబ్బున పడింది. అసలు గరాటు చేసినాయన పేరు యాదగిరి అని, ఫలక్‌నుమా స్టేషను వెనక గిన్నెల పనివాళ్ల సందులో ఉంటాడని కనుక్కున్నాను. మరుసటి ఏడాది ప్రదర్శన వారం ఉందనగా, శుక్రవారం ఉదయం ఆరుంబావు రైలెక్కాను.

పన్నెండుకు సికింద్రాబాదులో దిగి, స్టేషను బయట నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఫలక్‌నుమాకు లోకల్ రైళ్లు కొత్తగా నడుస్తున్న రోజులవి. టికెట్టు ఐదు రూపాయలు. అటు వెళ్లేవాళ్లు బస్సు కంటే ఇదే ఎక్కడం మేలు, ముప్పావు గంటలో దింపేస్తుంది. కాచిగూడ దాటాక పక్క సీటు పెద్దాయన ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

“గరాటు కొననీకి బెజవాడ నుంచి వచ్చినవా అమ్మా? కిరసనాయిలు గరాటు మీ దిక్కు దొరకదా ఏంది?” అన్నాడు. ఉప్పుగూడలో దిగేదాకా ఆయనకు నవ్వు ఆగలేదు.

ఒకటిన్నరకు సందు దొరికింది. రేకుల షెడ్డు, లోపల ఒకే ఒక లేత్ మిషను. యాదగిరికి యాభై దాటి ఉంటాయి. నా మాట పూర్తి కాకుండానే అటక మీంచి మూడు గరాటులు దించి వరసగా పెట్టాడు.

మొదటిది తగరపు రేకు చుట్టిన శంకువు. “పదేండ్ల కింద ఒక అనాథాశ్రమం సారు ఫోటో తెచ్చి గిట్లాంటిది కావాలన్నడు. రేకు చుట్టి ఇచ్చిన. మూడు చక్కర్లు, ఖతం.”

“మా పనివాడూ అచ్చంగా ఇలాగే చేశాడండీ,” అన్నాను.

“అందరం ఆడనే మోసపోతం టీచరమ్మా. గోడ సక్కగుంటె పైస జారుతది. గోడ వంగాలె. మీద పళ్లెం లెక్క, లోపల బాయి లెక్క.”

రెండోది ఆ వంపుతో లేత్ మీద తిప్పిన అల్యూమినియం గరాటు. రూపాయి బాగానే తిరిగిందట గానీ, పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ల ఎగిరెగిరి పడేదట. అంచుకు ఒరుసుకుంటూ నాణెం దిగేలా చిన్న జారుడు కమ్మీ అమర్చి, దాని వాలు సరిదిద్దేసరికి ఏడాది పట్టిందన్నాడు. మూడోది ఫైబరుది. పక్క దుకాణం ఖాజా భాయ్‌తో కలిసి, అల్యూమినియం గరాటు మీదే అచ్చు తీసి పోశారు. ఎర్రగా, తేలిగ్గా ఉంది. “ఇప్పుడందరు ఇదే కొంటరు. సప్పుడు రాదు,” అన్నాడు.

ఐదు రూపాయల బిళ్ల వేశాను. నూనెలో జారినట్టు తిరిగింది. అదే కొనేద్దామనుకుని, ఊరికే ఒక బిళ్ల అల్యూమినియం దాంట్లోనూ వేశాను. నా చెయ్యి దాని అంచు మీదుంది. అరచేతిలో ముందు నెమ్మదిగా ఒక అదురు, తర్వాత సన్నబడి, వేగం పెరిగి, మోచేతి దాకా పాకి, టక్కున ఆగింది. మా పిల్లలు ప్రార్థన వేళ డోలుకు అరచేతులు ఆనించి తాళం పట్టుకుంటారు.

“నాకు ఇదే కావాలండీ,” అన్నాను.

“అది ఇయ్యరాదమ్మా. దాని మీదనే అచ్చు తీస్తం.”

“ఇంకోటి చేసిపెట్టండి.”

“ఆరేండ్లాయె చేయక. భుజం పోయింది.”

పిల్లల సంగతి చెప్పాను. ఆయన గరాటు మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకున్నాడు. “ఏయి,” అన్నాడు. వేశాను. నాణెం పడ్డాక కూడా కాసేపు చేతులు తియ్యలేదు.

“గింత కాలం చేసిన గని గిట్ల సూడలే,” అని లేచి, గోడ వెనక నుంచి గుండ్రటి అల్యూమినియం రేకు బిళ్ల లాగాడు. “ఒక్కటే ఉన్నది. గొంతు కాడ చినిగిందంటె ఇగ లేదు.”

మిషను మీద చెక్క అచ్చుకు బిళ్ల బిగించాడు. పొడుగాటి ఇనుప కడ్డీని చంకలో ఇరికించుకుని, ఒళ్లంతా వాల్చి తిరుగుతున్న రేకును నొక్కుతుంటే అది బంకమట్టిలా వంగింది. గొంతు దగ్గరకొచ్చేసరికి రేకు కీచుమంది. చప్పున మిషను ఆపి, ఒంటి సబ్బు రుద్ది మంట చూపించాడు. సబ్బు నల్లబడితే లోహం మెత్తబడినట్టట. మళ్లీ తిప్పాడు. భుజం వణుకుతోంది. ఖాజా భాయ్ తన పని వదిలేసి గుమ్మంలో నిలబడ్డాడు. నేను కొంగు పిడికిట్లో నలిపేస్తున్నాను. రేకు చిరగలేదు.

“వహీ పురానా హాత్, యాదగిరి భాయ్,” అన్నాడు ఖాజా, అదే పాత చెయ్యి అని మెచ్చుకుంటూ.

కింద కంత కోసి, నిలబడటానికి మూడు కాళ్లూ, అంచున కమ్మీ బిగించి, మొదటి నాణెం నన్నే వెయ్యమన్నారు. తిరుగుతూనే ఉంది. ముగ్గురం ఆరు చేతులూ ఆనించి నిలబడ్డాం. ఎనిమిది వందలన్నాడు. నేను బేరమాడలేదు. “నేల సమంగుండాలె, మరువకు టీచరమ్మా,” అని దుప్పటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

సికింద్రాబాదు స్టేషను ఎదుట లాడ్జిలో పడుకుని, శనివారం ఉదయం రైలు పట్టుకున్నాను. రెండడుగుల గరాటు పై బల్ల మీద పట్టక సీట్ల మధ్య పెట్టె మీద నిలబెట్టాను. ఏమిటని అడగని మనిషి లేడు. వరంగల్లు బట్టల వ్యాపారి ఒకాయన రూపాయి వేస్తే, బండి కుదుపుకు తడబడి పడిపోయింది. ఆయన నన్ను జాలిగా చూశాడు. కాజీపేటలో రైలు ఆగగానే మళ్లీ వెయ్యమన్నాను. తిరిగింది. బోగీ అంతా లేచి వచ్చింది. గరాటు కింద నా టిఫిను గిన్నె పెట్టాను. పడిన నాణేలు తీసుకోమంటే, పిల్లలకే ఉంచమన్నారు. అక్కణ్నుంచి ఖమ్మం, మధిర, ఏ స్టేషనొచ్చినా టీ కోసం దిగినవాళ్లు తక్కువ.

ఎన్నో ఊళ్లు చూశాను గానీ, రెండు రోజుల్లో ఇంత సంతోషం మూటగట్టుకొచ్చిన ప్రయాణం నాకు ఇంకొకటి లేదు. రాయనపాడు దాటాక సిగ్నల్ లేక రైలు ఆగింది. బెజవాడ వాకిట్లో ఈ ఆగడానికి విసుక్కోని ప్రయాణికుడు ఉండడు. ఆ రోజు అందరూ గరాటు చుట్టూ మూగి, లోపలి అంచుకు చేరిన నాణెం సన్నగా మోగుతుంటే ఊపిరి బిగబట్టారు. ఇంజను కూత వేసింది.

“ఇంకో రెండు నిమిషాలు ఆపితే వాడి సొమ్మేం పోయిందట?” అంది ఎదుటి సీటు ముసలావిడ, చేతిలో రూపాయి పట్టుకుని.