నా పాలుకు వచ్చిన బండి

రాస్తున్నావా బిడ్డా? రాయి. నా మాటను బడి తెలుగులోకి మార్చుకుంటానన్నావు, మార్చుకో, నాకేం ఫికర్ లేదు. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచు. మీ నాయిన అన్నవి కూడా. ఆయన చదువుతాడేమోనని మధ్యలో కలం ఆపకు. చదవనీ.

ఇంటి ముందు రేకుల షెడ్డులో బట్ట కప్పుకుని ఉన్న ఫట్‌ఫటి మోటారు సైకిలు ఉంది కదా, అది నాది. అందరూ మీ నాయిన బండి అంటారు. నువ్వూ అంటావు, నీ తప్పు కాదు, నీకెవరు చెప్పారు గనక!

మీ తాత పశువుల దవాఖానలో కాంపౌండరు. ఊరూరూ తిరిగి ఎడ్లకూ బర్లకూ సూదులు వేసే పని. ఆ తిరుగుడు కోసం పెళ్లికి ముందే ఆ బండి కొన్నాడు, అదీ ఎవరో వాడి వదిలేసిందే. అప్పుడు దానికి ఒకటే సీటు. కింద రెండు స్ప్రింగులు, కూర్చుంటే కిర్రుమనేవి. వెనక మందుల పెట్టె కట్టుకునే ఇనుప క్యారేజీ. మీ తాతకూ పెట్టెకూ తప్ప ఇంకొకరికి జాగా లేదు దాని మీద.

పెళ్లయిన కొత్తలో మా తల్లిగారి ఊరి నుంచి వస్తున్నాం. రామన్నపేట దాటాక ఉంటుంది ఆ ఊరు. క్యారేజీ మీద గోనెసంచి మడిచి వేసి నన్ను కూర్చోబెట్టాడు. మా అమ్మ పెట్టిన నారాయణపేట చీర కట్టుకున్నాను. కొంగు ఎప్పుడు జారిందో, చక్రం ఎప్పుడు లాక్కుందో తెలియదు, కంకర మీద పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది. మీ తాత నన్ను లేపకుండా ముందు చక్రంలో నుంచి చీర తీస్తున్నాడు. "నేను బతికున్ననా సచ్చిన్ననా జర సూడరాదు!" అని అరిచాను. "నువ్వు ఒర్రుతున్నవంటె బతికున్నట్టే. చీర పాణం సూస్తున్న" అన్నాడు. అట్లాంటి మనిషి.

మర్నాడే నల్లగొండలో వెల్డింగ్ దుకాణానికి తీసుకుపోయాడు, బండినీ నన్నూ. వెనక చక్రానికి అడ్డంగా ఇనుప కడ్డీల జాలి చేయమన్నాడు, చీర పోకుండా. వెల్డింగ్ చేసే ఆయన నిలువు కడ్డీలు పెడతానంటే, నేను నోరు ఊరుకోక "ముగ్గు లెక్క వంకలు తిప్పరాదు" అన్నాను. నవ్వుకుంటూనే తిప్పాడు. తర్వాత నన్ను బండి మీద కూర్చోబెట్టి, నా కాలు ఎక్కడికి అందుతుందో చూసి అక్కడ పాదం పెట్టుకునే ఇనుప పలక బిగించాడు. క్యారేజీ పీకి రెగ్జిన్ మెత్త సీటు కుట్టించాడు మీ తాత. ఇవేవీ ఏ కంపెనీవీ కావు. నా కొలతకు చేసినవి.

ఆ సీటు మీద ఎన్నేళ్లు తిరిగానో! ఎక్కువగా మా అక్క దగ్గరికే. అక్కను రామన్నపేటలోనే ఇచ్చారు. వీధి చివర బండి చప్పుడు వినగానే అక్క పొయ్యి మీద చాయ్ పెట్టేది. మేం దిగేసరికి పొంగు వచ్చేది.

తెలంగాణ వచ్చిన ఏడాదికి మీ తాత పోయాడు. అంతకు ముందే బండి మూలకు పడింది, ఆయనకు నడుము నొప్పి, దానికి ఇంజను నొప్పి. బర్ల కొట్టంలో గడ్డి వెనక ఉండేది. దినాలయ్యాక మీ నాయినా, మీ బాబాయీ పంపకాలకు కూర్చున్నారు. ఊరి పెద్దమనిషిని పిలిచారు, మీ తాతకు వరుసకు తమ్ముడు. చెలక, బోరు, ఇల్లు, బర్లు అన్నీ అయ్యాయి. చివరకు బండి మిగిలింది.

"దీన్ని రెండు ముక్కలు జేస్తె ఎవ్వనికి పనికిరాదు. అమ్మ పాలుకు ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు పెద్దమనిషి.

కూర్చున్నవాళ్లంతా పకపకా నవ్వారు. మీ అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అత్తమ్మ నడుపుతదా ఏంది?" అంది.

"నడిపెటందుకు గాదు, కూసునెటందుకు" అన్నాను నేను.

వాళ్లు నవ్వులాటకు అన్నారు. నేను నవ్వులాటకు అనలేదు. ఇన్నేళ్ల కాపురంలో 'ఇది నీది' అని నలుగురి ముందు నాకు ఇచ్చింది అదొక్కటే. నేను నల్లగొండకు మీ ఇంటికి వచ్చేటప్పుడు బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని తెచ్చుకున్నాను. మీ అమ్మ, "ఉన్న జాగ కారుకే సాలదు" అని గొణిగింది. గొణగనీ అనుకున్నాను.

కరోనా వచ్చి మీ నాయిన పాఠాలు చెప్పే కాలేజీ మూతపడ్డప్పుడు ఆయనకు పొద్దుపోలేదు. ఫోనులో పాత బళ్లు బాగుచేసే వీడియోలు చూసి చూసి, ఒకరోజు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, బాపు బండి ఇప్పుత. మొత్తం ఇప్పి కొత్తగ జేస్త. ఇస్తవా?"

"ఇస్త. ఒక్కటే మాట. అది నడిచిననాడు ముందుగాల నన్ను ఎనక కూసోబెట్టుకోని అక్క దగ్గరికి తీస్కపోవాలె."

"గంతేనా? నువ్వే ఫస్టు. నీ బండే గద!"

చేతిలో చెయ్యి వేశాడు. నువ్వు అప్పుడు చిన్నపిల్లవు, నీకు గుర్తుండదు.

అక్కకు ఫోను చేసి చెప్పాను. అక్క అప్పటికే ఆయాసంతో మంచం దిగడం లేదు. కానీ నోరు మాత్రం మంచం ఎక్కలేదు. "ముసలిదానివి, ఆ ఫట్‌ఫటి ఎక్కినంక నిన్ను దించెటందుకు నలుగురు గావాలె" అని నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా ముందు అదే అడిగేది: "బండి ఎంతదాంక వచ్చిందే?"

నేను ఊరికే కూర్చోలేదు బిడ్డా. ఇంజను బిగుసుకుపోయి ఉంటే దాంట్లో డీజిలు పోసి నానబెట్టారు, కదిలిందా లేదా అని రోజూ చూసింది నేను. సైలెన్సర్‌లో ఎలుకలు గూడు పెట్టి ఉన్నాయి, కట్టెపుల్లతో పొడిచి తీసింది నేను. మీ నాయిన విప్పిన ప్రతి నట్టునూ కిరసనాయిలులో ముంచి పళ్ల బ్రష్షుతో తోమాను. కార్బొరేటర్‌లోని చిన్న చిన్న ఇత్తడి ముక్కలను చింతపండుతో, దేవుడి దీపాలను తోమినట్టే తోమాను. మీ నాయిన చూసి ఫోటో తీసుకుని, ఫోనులో పాత బళ్లవాళ్ల గ్రూపు ఏదో ఉందట, అందులో పెట్టాడు. వాళ్లంతా చప్పట్ల బొమ్మలు పంపారట. చేతులకు ఆ వాసన పోయేది కాదు. మీ అమ్మ, "అత్తమ్మా, ఆ చేతులతోని పిండి ముట్టకుండ్రి" అనేది. నేను నవ్వేదాన్ని. కొన్నాళ్లు ఈ ఇంట్లో నాకు పని ఉంది, అది నాకు బాగుండేది.

కరోనా పోయింది, కాలేజీ తెరిచారు, పని ఆదివారాల మీద పడింది. సామాను దొరకదు, దొరికింది సరిపోదు. నికెల్ పూత వేయించడానికి కొన్ని ముక్కలు పట్నం పోయాయి. నాకు మోకాళ్లు పట్టి షెడ్డులోకి పోవడం తగ్గింది. చివరికి వచ్చేసరికి మీ నాయిన, "ఇప్పుడు సూడొద్దమ్మా, అంత అయినంక సూడు" అని తెర కట్టాడు. పెళ్లికూతురి లెక్క దాస్తున్నాడనుకున్నాను.

దసరా రోజు బండికి పూజ చేసి తీస్తానన్నాడు. నేను తలస్నానం చేసి మంచి చీర కట్టుకున్నాను. సద్దుల బతుకమ్మకు రొట్టె నలిపి బెల్లంతో చేసిన మలీద ముద్దలు అక్క కోసం డబ్బాలో పెట్టుకున్నాను. పొద్దున్నే ఫోను చేసి, "పగటాల్ల వరకు వస్తున్న, చాయ్ పెట్టిపియ్యి" అన్నాను.

మీ నాయిన బట్ట లాగాడు. నల్లగా తళతళలాడుతోంది, అబద్ధం ఎందుకు, కళ్లు చెదిరాయి. వాడకట్టు వాళ్లంతా ఆహా అన్నారు. నేను దాని చుట్టూ తిరిగి వచ్చాను. ఒకటే సీటు. కింద స్ప్రింగులు. వెనక క్యారేజీ. జాలి లేదు, పాదం పెట్టే పలక లేదు.

"ఎనక సీటేదిరా?"

"అది ఒరిజినల్ కాదమ్మా. బండి కంపెనీల నుంచి గిట్లనే వచ్చింది. పట్నంల పాత బండ్ల పోటీ ఉన్నది, ఒరిజినల్ లేకుంటె పాయింట్లు పోతయి."

"మరి నేనేడ కూసోవాలె?"

మీ నాయిన నా వంక చూశాడు. ఆ చూపులో మోసం లేదు బిడ్డా, అదే నాకు ఇంకా కాలింది. మాట తప్పానని ఆయనకు అప్పుడు తట్టింది. అంతకాలం ఆ ముచ్చటే ఆయన మనసులో లేదు.

"అయ్యో... కార్ల తీస్కపోత అమ్మా. ఏసీ ఉంటది, ఇంక సుఖం గద!"

"జాలి ఏది? పలక ఏది? తీసినవి ఏడ పెట్టినవ్?"

ఆయన మీ అమ్మ వైపు తిరిగాడు. మీ అమ్మ హారతి పళ్లెం పట్టుకుని, "షెడ్డుల అడ్డం పడున్నయని ఇనుప సామాన్లాయనకు ఏసిన అత్తమ్మా. ఉల్లిగడ్డలిచ్చిండు" అంది.

ఎప్పుడంటే, పోయిన వారం. పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలని అరుచుకుంటూ వస్తాడే, ఆయనకు. ఆ ఉల్లిగడ్డలతో పులుసు చేశారు. కోసి ఇచ్చింది నేనే. బాగుందని ఇంకో గరిటె వేయించుకున్నాను కూడా.

"ముగ్గు లెక్క ఉండె గద ఆ జాలి, సూడలేదా నువ్వు?" అన్నాను.

"తుప్పుల ఏం కనవడతది అత్తమ్మా!"

మీ నాయిన బండి కింద నిమ్మకాయలు పెట్టాడు, కిక్కు కొట్టాడు. ఆ చప్పుడు మాత్రం మీ తాతదే. ఒక్కడే ఎక్కి వీధి తిరిగి వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా చేతిలో డబ్బా ఉంది.

పగటాల్లకు, ఎండ నడినెత్తికి వచ్చాక, అక్క ఫోను. "ఏమాయెనే? చాయ్ రెండుసార్లు మసిలింది."

"బండి స్టార్ట్ అయితలేదక్కా."

"నీ మొగుడున్నప్పుడు గట్లనే మొండికేసేది. పోనీ తియ్యి, దీపావళికి రా" అంది.

కారులో వస్తానని అనలేకపోయాను. కారు వాళ్లది. అక్క ముందు నా బండి మీద దిగాలని నా పంతం. పంతమే అనుకో. మీ నాయిన రెండు మూడు సార్లు, "దా అమ్మా, కార్ల పోదం" అన్నాడు. "సీటు పెట్టు, వస్త" అన్నాను. "పోటీ కానియ్యి, పెడత" అన్నాడు. ఆ పోటీ వెనక్కి జరిగింది. నేను మాత్రం జరగలేదు.

ఆ మధ్యలో నార్కట్‌పల్లిలో ఒక పెళ్లిలో మన పెద్దమనిషి కనబడ్డాడు. పంపకాల రోజు ఆ మాట అన్నవాడు ఆయనే కదా, అడుగుదామని పక్కన కూర్చున్నాను. "ఏమయ్యా, బండి నా పాలుకే అన్నవు గద!" అన్నాను.

"నీ పాలే వదినా, ఎవలు గాదన్నరు? బండి నీది, సీటు వానిది" అని విస్తరి ముందు కూర్చున్నవాళ్లందరికీ వినబడేలా నవ్వాడు. నవ్వితే ఆయన పొట్ట ఊగింది. నేను పెరుగన్నం తినకుండా లేచాను.

దీపావళి దాటింది. కార్తీకంలో చలి ముదిరాక అక్కకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. చివరి చూపుకు కారులోనే వెళ్లాను నేను, ఏసీ వేశాడు మీ నాయిన, నేనే ఆపమన్నాను. అక్కింట్లో దిగితే అక్క కోడలు నా మెడ పట్టుకుని ఏడుస్తూ, "మొన్నటిదాంక బండి చప్పుడైతే 'మా చెల్లెనా సూడుండ్రి' అనేది చిన్నత్తా" అంది. అట్లా అని ఎందుకు చెప్పిందో. చెప్పకపోతే ఏం పోయేది?

ఆ పోటీ చలికాలం చివర జరిగింది. మీ నాయినకు కప్పు వచ్చింది, హాల్లో టీవీ పక్కన పెట్టారు. వచ్చినవాళ్లకు చూపించి, "మా బాపు బండి, అచ్చం అప్పటి లెక్కనే తయారుజేసిన" అంటాడు. అప్పటి లెక్కనే, నిజమే. నేను కాపురానికి రాకముందు ఎట్లా ఉందో అట్లా. నేను కూర్చున్న అన్నేళ్లనూ గీకి, రంగు వేసి, మెరిపించాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఇది కూడా రాయి. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది, తిట్టుకుని పడుకునేదాన్ని.

మొన్న ఆదివారం ఎక్కడి నుంచో వెనక సీటు కొని తెచ్చాడు. కొత్త జాలి కూడా, దుకాణంలో దొరికేది, నిలువు కడ్డీలది. నేను కాలు పెట్టుకోవడానికి ఒక పలక. అన్నీ బిగించి, షెడ్డు ముందు బండి స్టార్ట్ చేసి, హారన్ కొట్టి పిలిచాడు. నువ్వూ ఉన్నావు అప్పుడు.

"దా అమ్మా, కూసో. పోదం."

"ఏడికి?"

"ఏడికేంది, గట్ల తిరిగొద్దం."

నేను గడప దాటలేదు. నాకు మోకాళ్ల నొప్పులున్నాయని చెప్పి లోపలికి వచ్చి పడుకున్నాను. ఆ రోజు మోకాళ్లకు ఏ నొప్పీ లేదు.