బావకు స్టీరింగ్

మా అక్క భర్త పోర్టుకీ స్టీలు ప్లాంటుకీ మధ్య సరుకు మోసే లారీ తోలేవాడు. ఎన్నో ఏళ్లు తోలాడు. ఎవరినీ గుద్దలేదు, ఎక్కడా బోల్తా కొట్టలేదు. అలాంటి మనిషి ఆగి ఉన్న లారీ మీద నుంచి పడ్డాడు. ప్లాంటు గేటు బయట, ఇనుప చుట్టల మీద పట్టా కప్పి తాడు బిగిస్తుంటే ఆ తాడు తెగింది. వెనక్కి పడ్డాడు. ఇక నడుము కింద స్పర్శ లేదు.

రెండువేల దశకంలో సంగతి ఇది. నేను డిగ్రీ అయిపోయి, వేరే పని దొరక్క, గోపాలపట్నంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ని. అక్కావాళ్ల ఇల్లు దాని వెనక వీధిలోనే. రోజూ సాయంత్రం వెళ్లి, పుండ్లు పడకుండా బావను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడానికి అక్కకు సాయం పట్టేవాణ్ని. బావ మాట్లాడ్డం తగ్గించేశాడు. మొదట్లో తోటి డ్రైవర్లు వచ్చి కూర్చునేవారు. వాళ్లు రావడం మానేశాక ఆ కాస్త మాట కూడా పోయింది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలనేవాడు.

ఒకరోజు, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మా సెంటర్‌కు లారీ తోలే ఆట వచ్చిందని చెప్పాను. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు వేసుకుపోవాలి, దారిలో డీజిల్ కొట్టించుకోవాలి, లేటయితే కిరాయి కోసేస్తారు.

బావ తల నా వైపు తిప్పాడు.

"పట్టా మనమే కట్టాలేటి?" అన్నాడు.

"అక్కర్నేదు బావా. కట్టీసే ఉంటాది."

 "మనింట్లో ఎట్టుకోడానికి అవదేటి అది?"

పడ్డాక బావ నోరు తెరిచి ఏదైనా కావాలనడం అదే మొదటిసారి. వంటింటి గుమ్మంలో నిలబడి అక్క వింది. నన్ను వీధిలోకి పిలిచి, లారీ ఓనరు ఇచ్చినదాంట్లో ఆసుపత్రికి పోగా కొంచెం ఉందని చెప్పింది.

"ఎంతవుద్దో కనుక్కోరా. ఆయన నోరిప్పి అడిగినాడు కదా," అంది.

ఆ కొంచెం చాలదని నాకు అప్పుడే తెలుసు. తెలిసే ద్వారకానగర్ వెళ్లాను.

అక్కడ ఒక మేడ మీద కంప్యూటర్ విడిభాగాలు అమ్మే చిన్న షాపుండేది. ఓనరు దేనికని అడిగాడు. గేములకన్నాను. గేములకయితే ఇది ఉండాలి, అది ఉండాలి అంటూ అన్నీ కలిపి ఒక మొత్తం చెప్పాడు. మా దగ్గరున్నది అందులో సగం. నేను ఒక్కొక్కటే తగ్గించడం మొదలుపెట్టాను. ప్రాసెసర్‌ను ఒక మెట్టు దించాను. ర్యామ్ ఒక్క ముక్క చాలన్నాను. మానిటర్ ఎవరో వాడి వదిలేసిన పాతది, ఒక మూల పసుపు మరక పడినది తీసుకుంటానన్నాను. పవర్ సప్లై క్యాబినెట్‌తో పాటు వచ్చే నాసిరకందే సరిపెట్టుకున్నాను. ఇలా తీసేస్తూ పోగా చివరికి ఇంకొక్క పెద్ద వస్తువుకు డబ్బు మిగిలింది. గ్రాఫిక్స్ కార్డు కొనొచ్చు, లేదా స్టీరింగ్ కొనొచ్చు. రెండూ కొనలేం.

స్టీరింగ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఆయన చూపించినవన్నీ పెడల్స్‌తో వచ్చేవే. చక్రం చేతులకు, యాక్సిలరేటరు, బ్రేకు కాళ్లకు.

"కాళ్లతో పని లేనిది కావాలండి," అన్నాను.

"కాళ్లు లేకుండా బండెలా తోల్తారండి?" అని నవ్వాడు.

సంగతి చెప్పాను. ఆయన లోపలి గదిలోకి వెళ్లి చాలాసేపు వెతికి ఒకటి తెచ్చాడు. చక్రం వెనక వేళ్లకు అందేలా రెండు మీటలున్నాయి. కుడిది నొక్కితే బండి పరిగెడుతుంది, ఎడమది బ్రేకు. ధర దాదాపు కార్డు ధరే.

ఇంటికొచ్చి బావతో చెప్పాను. కొనేది ఆయనకు, ఎంచుకోవాల్సింది కూడా ఆయనే.

"కార్డంటే ఏటది?"

"అదుంటే రోడ్డూ సెట్లూ బాగా కనిపిస్తాయి. దూరం నించొచ్చే బళ్లు ముందే తెలుస్తాయి. నేకపోతే మసగ్గా ఉంటాది, ఆగాగి నడుస్తాది."

"మరి స్టీరింగ్ నేకపోతే?"

"కీబోర్డు మీద వేలితో నొక్కాల."

"లారీని వేలితో తోల్తారేటి బావా," అన్నాడు. నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. తన అరచేతులు చూసుకున్నాడు. "కుర్రప్పుడు అనంతగిరి ఘాటు పొగమంచులో ఎక్కినాను. ముందు బండి ఎర్రలైటు తప్ప మరేటీ అవుపించీది కాదు. కనపడకపోతే మెల్లగా ఎల్తాను. స్టీరింగే తే."

కంప్యూటర్లు తెలిసినవాడెవడూ అలా ఎంచుకోడు. అయినా కాదనడానికి నాకు నోరు రాలేదు. తర్వాతెప్పుడైనా కార్డు పెట్టుకోవచ్చని, దాన్ని గుచ్చడానికి ఖాళీ స్లాటున్న మదర్‌బోర్డే తీసుకున్నాను. అందుకోసం ప్రాసెసర్‌ను ఇంకో మెట్టు దించాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున్న అన్నీ బావ మంచం పక్కన నేల మీద పరుచుకుని నేనే బిగించాను. బావ పక్కకు ఒత్తిగిలి ప్రతిదీ ఏమిటని అడిగాడు. ప్రాసెసర్ మీద ఫ్యాను బిగిస్తుంటే "రేడియేటరా?" అన్నాడు. అలాంటిదేనన్నాను. ఆ పూట అన్నం ఇంకొంచెం పెట్టమన్నాడు. అక్క పెట్టి, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

మంచానికి అడ్డంగా ఒక చెక్క వేసి దానికి చక్రం బిగించాను. వీపు వెనక దిండ్లు పెట్టి, అక్కా నేనూ చెరో పక్క పట్టుకుని బావను లేపి కూర్చోబెట్టాం. జారిపోకుండా అక్క పాత చీర ఛాతీ చుట్టూ తిప్పి మంచం కోళ్లకు కట్టింది. బావ రెండు చేతులూ చక్రం మీద వేశాడు. ఊరికే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరీ తేలిగ్గా ఉంది. లోడేసినట్టు నేదు," అన్నాడు.

ఆటలో లారీ మన లారీలా ఉండదు. ముక్కు పొడవు, స్టీరింగ్ ఎడమ వైపు. అది వేరే దేశమని, అక్కడ బళ్లన్నీ రోడ్డుకు కుడి వైపున పోతాయని చెప్పాను. బావ తలూపాడు. లారీని యార్డులోంచి చాలా జాగ్రత్తగా బయటికి తీశాడు. రోడ్డెక్కగానే ఎడమ పక్కకు తిప్పేశాడు.

"కుడి పక్క బావా," అన్నాను.

సర్దుకునేలోపే ఎదురుగా బండి వచ్చింది. కార్డు లేకపోయినా ఆట నడవాలని, అందులో ఎంత దూరం కనపడాలన్నది నేను బాగా తగ్గించి పెట్టాను. దాంతో ఏ బండయినా దగ్గరికొచ్చేదాకా కనిపించదు, బూడిద రంగులోంచి ఒక్కసారిగా ఊడిపడుతుంది. బావ బ్రేకు మీట నొక్కాడు. బొమ్మ అలాగే నిలిచిపోయింది. కదిలేసరికి రెండు బళ్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఉన్నాయి. కిరాయిలో కోత పడిందని తెర మీద వచ్చింది.

"నాదే తప్పు. మళ్లీ ఎట్టు," అన్నాడు.

మళ్లీ పెట్టాను. కుడి పక్కన పోవాలని ఆయనకు తెలియక కాదు. కానీ ఎదురుగా బండి కనపడితే చాలు, ఆ చేతులు ఎడమకు లాగేవి. అన్నేళ్లు ఆయన్ని కాపాడింది ఆ అలవాటే. రోజూ సాయంత్రం కూర్చునేవాడు, రోజూ ఎవరినో గుద్దేవాడు. తిట్టుకోలేదు, విసుక్కోలేదు. గుద్దిన ప్రతిసారీ చక్రం మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకునేవాడు.

"ఇందులో ఎంతమందిని సంపీసినానో," అన్నాడు ఒకసారి.

"ఆట కదా బావా. ఎవుడూ సావడు."

 ఆ రోజు తొందరగా పడుకోబెట్టెయ్యమన్నాడు.

కార్డుంటే దూరం నుంచే బండి తెలుస్తుంది, సర్దుకోడానికి టైముంటుంది అనుకున్నాను. నా జీతంలోంచి కొంత కొంత దాచాను. పోగయ్యేసరికి ఏడాది దాటింది. ఆలోపు బావ నడుము కింద పుండు పడింది. స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియలేదు, ఒళ్లు తుడుస్తూ అక్క చూసింది. మంచాన పడ్డవాళ్లకు ఇది వస్తూనే ఉంటుందని డాక్టరు చెప్పాడు. మానేదాకా కూర్చోబెట్టవద్దన్నాడు. అయినా మానాక ఆడుకుంటాడని నేను ద్వారకానగర్ వెళ్లాను.

షాపు ఓనరు మా బోర్డు పేరు విని తల అడ్డంగా ఊపాడు. ఆ స్లాటుకు పట్టే కార్డులు రావడం ఆగిపోయిందట. కొత్తవాటి స్లాటే వేరట.

"బోర్డు మార్చాలండి. బోర్డు మారిస్తే ప్రాసెసరూ, ర్యామూ కూడా మార్చాలి. పవర్ సప్లై ఎలాగూ తట్టుకోదు."

అంటే మళ్లీ మొదటి నుంచి కొనాలన్నమాట. డబ్బు జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికెళ్లి బావతో చెబితే, "పోనీ, ఒగ్గీ బావా. ఆ రోడ్డు మనకి రాదు," అన్నాడు. నన్ను ఓదారుస్తున్నట్టే చెప్పాడు.

పుండు మానలేదు. ఒకటి మానుతుంటే ఇంకోచోట వచ్చేది. డాక్టరు గాలి పరుపు కొనమన్నాడు. దాచిన డబ్బు దానికి సరిపోయింది. పరుపుకు గొట్టాలు, మోటారు ఉంటాయి. అవి పెట్టడానికి మంచం పక్కన చోటు కావాల్సి వచ్చింది. ఒక మధ్యాహ్నం కూర్చుని కంప్యూటర్ వైర్లన్నీ తీశాను. బావ మెలకువగానే ఉన్నాడు గానీ ఇటు చూడలేదు. షాపులో స్టీరింగ్ ఒక్కటే తిరిగి కొనుక్కున్నారు. మిగతావి అటక మీద పడేశాం. సముద్రపు గాలికి క్యాబినెట్ స్క్రూలు అప్పటికే తుప్పు పట్టాయి.

అక్క మధురవాడలో ఒక కాలేజీ హాస్టల్లో వంటకు కుదిరింది. చీకటితో వెళ్లి సాయంత్రానికి వచ్చేది. పగలు నేను సెంటర్ నుంచి మధ్యలో వచ్చి బావను తిప్పి, మంచినీళ్లు పట్టించి పోయేవాణ్ని. చాలాసార్లు కళ్లు మూసుకునే ఉండేవాడు. నిద్రపోతున్నాడో లేదో తెలిసేది కాదు. ఒకరోజు తిప్పడం అయ్యాక దుప్పటి సర్దుతుంటే, కళ్లు తెరవకుండానే అడిగాడు.

"నన్నెటు తిప్పినావు బావా?"

"గోడ పక్కకి."

"ఇంక తిప్పకు. అలగే ఉండనీ," అన్నాడు.