మా నాయనమ్మ క్యారవాన్ దిగిన రోజు

నిన్న అమీర్‌పేటలో మెట్రో స్తంభాల కింద ఒక సినిమా క్యారవాన్ ఆగి ఉంది. తెరిచిన తలుపులోంచి డీజిల్ పొగ, చవక నిమ్మకాయ సెంటు, ఏసీ చెమ్మ కలిసిన వాసన వచ్చింది. లోపల ఎవరున్నారో తెలియకుండానే జనం ఫోన్లెత్తి పళ్ళికిలిస్తూ నిలబడ్డారు. అలాంటి మొహాల్ని నేను పదేళ్ళ వయసులోనే చూసేశాను.

అప్పుడు మేం పంజాగుట్టలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. కాకినాడ దాటాక సముద్రపుటొడ్డున ఒక ఊరు ఒకప్పుడు మాది. సరుగుడు తోటలు, జీడితోటలు, కొబ్బరితోపులు తాతగారి హయాంలోనే పోయాయి. పట్టింపులు మాత్రం పోలేదు. మేం వస్తున్నామంటే ఊరివాళ్ళు పొలిమేరకు ఎదురొచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, చేతికి కొబ్బరిబోండాం అందించి పిలవాలి. అందాకా బండి దిగేది లేదు. తోటలు అమ్మాక పిలిచినవాళ్ళు లేరు గనక నాయనమ్మ ఆ ఇసుక మీద మళ్ళీ కాలు పెట్టలేదు. ఆ ఏడు ఆవిడ చూపు బాగా మసకబారింది, చెవి దగ్గర చెబితేగానీ మాట వినపడేది కాదు. "ఒక్కసారి మనూళ్ళో దిగితే చాలురా," అని నాన్నగారిని అడిగింది. ఆవిడ ఏదైనా అడగడం నేను వినడం అదొక్కసారే.

బండి తెచ్చింది మా మేనమామ. మొన్నటిదాకా టైపు నేర్పిన మనిషి, మైత్రీవనంలో రెండు గదులు తీసుకుని, నడివేసవిలోనూ టై బిగించి, తనకే సరిగా రాని కంప్యూటర్ కోర్సులు వందలమందికి బోధిస్తూ, అమీర్‌పేటలో కనిపించిన ప్రతి గోడకూ తన ఫొటో అంటించుకున్నాడు. సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో ఖాళీగా పడున్న పాత క్యారవాన్‌ని అద్దెకు తెచ్చి, "బావగారూ, సముద్రం వెంట వైజాగ్ దాకా పోదాం. మంచముంది, ఏసీ ఉంది, అద్దం చుట్టూ బల్బులు కూడా ఉన్నాయి!" అన్నాడు. ఆ బల్బుల్ని చూసి నాన్నగారు మొహం తిప్పుకున్నారు. తల్లి కోసం ఎక్కారు. అంతకుముందే "గ్రామ పెద్దలకు" అని ఊరికి ఒక కార్డు రాశారు. జవాబు రాలేదు. "మనకు జవాబు రాయరు, ఎదురొస్తారు," అన్నారు.

దారంతా ముంజలు ఒలిచిన చేతుల జిగట, డబ్బాలో కారిన కాజాల పాకం, పండిన జీడిమామిడి ఘాటు, ఎండుచేపల వాసన వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే అమ్మ, కనిపించిన ప్రతి తాటిచెట్టు దగ్గరా బండి ఆపించి ఫొటో దిగే మామయ్య. పొలిమేర చేరేసరికి రోడ్డు మీద ఒక్క మేక తప్ప ఎవరూ లేరు. నాన్నగారు తెరలు వేయించి, ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నారు. "వస్తారు."

అరగంటకు నిజంగానే వచ్చారు. వలలు వదిలి, బుట్టలు దించి, ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. నాన్నగారి మొహంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. డ్రైవర్ యాదగిరి వెనక్కి తిరిగి, "సార్, జర ఆగుర్రి. గాళ్ళు మీకోసం రాలే," అన్నాడు. వినిపించుకోకుండా నాన్నగారు తలుపు తీసి చేతులు జోడించారు.

"హీరోగారేరండీ?" అందొక చేపలావిడ.

"ఈయనేంట్రా, జమీందారు ఏషం కట్టాడు!" అన్నాడు వెనకనుంచి ఒకడు. ఊరంతా గొల్లుమంది.

మా తోటల నీడన బతికిన ఊరు అది. సినిమా బండికి ఇచ్చిన విలువ మాకివ్వలేదు. నాన్నగారు తలుపు మూసెయ్యబోయారు. లోపల్నుంచి నాయనమ్మ గొంతు: "పిలవడానికి వచ్చారా, నాయనా?"

నాన్నగారు తల్లి పడుకున్న మంచం వైపు చూశారు. ఆ తర్వాత, పన్నెండేళ్ళుగా పేరుపెట్టి పిలవని మామయ్య వైపు చూశారు. మామయ్యకు అబద్ధం ఎవరూ నేర్పనక్కర్లేదు. టై సవరించుకుని, "హీరోగారు పడుకున్నారమ్మా! వాళ్ళమ్మగారు దిగుతున్నారు, కాళ్ళకు నీళ్ళు తెండి!" అని బయటికి కేకేశాడు.

"వచ్చారమ్మా, నిన్నే పిలుస్తున్నారు," అన్నారు నాన్నగారు, తల్లి చెవి దగ్గర వంగి.

నాయనమ్మ దిగింది. ఆడవాళ్ళు బిందెలతో ఎగబడి కాళ్ళు కడిగారు, బోండాం చేతిలో పెట్టారు. నాయనమ్మ ఆ చేపలావిడ తలమీద చెయ్యేసి, "మీ నాన్న బాగున్నాడుటే?" అని అడిగింది. "బాగున్నాడండమ్మా," అంది ఆవిడ, కళ్ళు మాత్రం బండి కిటికీ మీదే పెట్టి. నాన్నగారు ఎండలో కర్రలా నిలబడ్డారు. తనకిచ్చిన బోండాం ముట్టలేదు. మామయ్య రెండు తాగాడు.

నాయనమ్మ పోయేదాకా, ఫ్లాట్‌కి ఎవరొచ్చినా ఊరు తనను ఎలా పిలిచిందో చెప్పేది. నాన్నగారు ప్రతిసారీ తలూపేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ రోడ్డునీ, ఆ ఇళ్ళనీ సముద్రం కోసుకుపోయింది. మిగిలినది మామయ్య. మొన్నొక పెళ్ళి పంక్తిలో, పదిమంది వింటుండగా, "మీ నాయనమ్మని హీరో తల్లిని చేశాను చూడూ..." అని నవ్వుతూ మొదలుపెట్టాడు.

"మా నాయనమ్మని మా ఊరు పిలిచింది, మామయ్యా," అన్నాను. "మీరు భోంచెయ్యండి."